చూపరుల మెప్పే జూను మలిచింది

జంతుప్రదర్శనశాలల చరిత్రలో ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: జంతువు ఎలా బతకాలో చాలాకాలం నిర్ణయించింది చూడవచ్చినవారి సరదాయే. 18వ శతాబ్దంలో లండన్ టవర్‌లోని సింహాలను చూడడానికి డబ్బుకు బదులు, వాటికి ఆహారంగా కుక్కనో పిల్లినో ఇచ్చినా లోపలికి రానిచ్చేవారు. లండన్ జూలో 1926లో మొదలైన చింపాంజీల తేనీటి విందులు జనం ఎగబడి చూడబట్టే 1972 దాకా సాగాయి. అయితే అదే జనాదరణ మేలు కూడా చేసింది. 1907లో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ ఊచలకు బదులు కందకాలతో ఆరుబయలు ఆవరణలు కట్టాడు. సందర్శకులు వాటిని మెచ్చుకోవడంతో ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. 1963లో హైదరాబాద్‌లో మీరాలం చెరువు పక్కన తెరిచిన నెహ్రూ జూపార్కులోనూ కందకాల ఆవరణలు కనిపిస్తాయి.

జంతువుల బాగోగులు చూడాల్సింది యాజమాన్యం కాదా, టిక్కెట్టు కొన్నవారికేం బాధ్యత అని అడగవచ్చు. ఆవరణ, వైద్యం, తిండి యాజమాన్యం బాధ్యతే. కానీ గోల చేయడం, రాయి విసరడం, ప్లాస్టిక్ సంచి పారేయడం సందర్శకుల పనులు. అందుకే వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ జూలో జంతువులను ఏడిపించడం, వాటికి తిండి పెట్టడం, గోలతో బెదరగొట్టడం, చెత్త వేయడం నిషేధించింది. పొద చాటుకు వెళ్లిన పులి కనబడకపోతే డబ్బు దండగని మరికొందరి వాదన. కానీ దాక్కునే చోటు లేని జంతువుకు జనం చూపుల నుంచి తప్పించుకునే దారే ఉండదు. ఓపిగ్గా నిలబడడం, దెబ్బతిన్న ఆవరణ కనిపిస్తే అధికారులకు రాసివ్వడం, జంతువుల దత్తత పథకాలకు విరాళమివ్వడం మనం చేయగలిగినవే. జనం దేన్ని మెచ్చితే జూ దాన్నే పెంచుతుంది. కాబట్టి మనం జంతువు సుఖాన్ని మెచ్చుకోవడం నేర్చుకోవాలి.