డాలస్‌లో రైలు ఎవరి ఊరికి వస్తుంది, ఎవరి ఊరికి రాదు?

ప్లేనో, ఫ్రిస్కో పక్కపక్క ఊళ్లు. మధ్యలో హైవే 121 అడ్డం, అంతే. రెండు చోట్లా మనవాళ్ల ఇళ్లు, గుళ్లు, దోసె హోటళ్లు ఒకేలా కనిపిస్తాయి. కానీ 121కి దక్షిణాన ఉన్నవాళ్లకు బస్సు ఉంది, రైలు ఉంది, ఫోన్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్ ఉంది. ఉత్తరాన ఉన్నవాళ్లకు కారు తప్ప దిక్కు లేదు.

పదహారేళ్లుగా ప్లేనోలో ఉంటున్నాను. ఇల్లు కొనబోయే కుటుంబాలు స్కూళ్ల గురించి, ఆస్తి పన్ను గురించి అన్నీ కనుక్కుంటాయి. బస్సు సంగతి మాత్రం ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చాక గుర్తొస్తుంది. అప్పుడు అడుగుతారు, "ఇంత పెద్ద ఊరు, ఇంత డబ్బు, ఇక్కడికి రైలు ఎందుకు రాలేదండీ?" అని. ఆ ప్రశ్నకు జవాబు జనాభాలో దొరకదు, ట్రాఫిక్‌లోనూ దొరకదు. మనం బయట తిన్న బిర్యానీ బిల్లు మీద దొరుకుతుంది.

ఒక సెంటు కథ

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అమ్మకం పన్ను ఉంది. డాలరుకు 6.25 సెంట్లు రాష్ట్రానిది. దాని మీద స్థానిక సంస్థలన్నీ కలిపి మరో 2 సెంట్ల దాకా వేసుకోవచ్చు, అంతకు మించి వీల్లేదు. అందుకే బిల్లు మీద 8.25 శాతం అని ఉంటుంది. బియ్యం, పప్పు, కూరగాయల మీద ఈ పన్ను లేదు. హోటల్ భోజనం మీద ఉంది.

ప్లేనోలో 20 డాలర్ల బిర్యానీ తింటే పన్ను 1 డాలరు 65 సెంట్లు. అందులో 20 సెంట్లు నగరానికి, మరో 20 సెంట్లు డార్ట్‌కు వెళతాయి. డార్ట్ అంటే డాలస్ ఏరియా రాపిడ్ ట్రాన్సిట్, ఇక్కడి రైళ్లు, బస్సులు నడిపే సంస్థ. అదే బిర్యానీ ఫ్రిస్కోలో తిన్నా పన్ను అంతే. కాకపోతే ఆ రెండో 20 సెంట్లు డార్ట్‌కు పోవు. నగరం ఏర్పాటు చేసుకున్న రెండు అభివృద్ధి సంస్థలకు చెరి పది సెంట్లు వెళతాయి. కౌబాయ్స్ వాళ్ల 'ద స్టార్', పీజీఏ గోల్ఫ్ కేంద్రం లాంటివి ఫ్రిస్కోకు రావడంలో ఆ డబ్బు పాత్ర ఉంది. అలెన్, మెక్‌కిన్నీ కూడా ఇదే దారిలో నడిచాయి.

అంటే ఫ్రిస్కో వాళ్లు తక్కువ పన్ను కడుతున్నారని కాదు, రైలు వద్దని ఎవరో మొండిపట్టు పట్టారనీ కాదు. 2 సెంట్ల హద్దు అప్పటికే నిండిపోయింది. డార్ట్‌లో చేరాలంటే ఆ రెండు సంస్థల డబ్బూ వదులుకోవాలి. ఏ మేయరూ అంత తేలిగ్గా ఒప్పుకోరు.

ఆ గీత ఎప్పుడు గీశారు?

1983 ఆగస్టు 13న జరిగిన ఓటుతో డార్ట్ పుట్టింది. అప్పుడు చేరిన ఊళ్లలో డాలస్, ప్లేనో, ఇర్వింగ్, రిచర్డ్‌సన్, గార్లండ్, క్యారల్టన్ ఉన్నాయి. ఫ్రిస్కో ఊసే లేదు, ఎందుకంటే 1980 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం మూడున్నర వేలు మాత్రమే. 2020 నాటికి వాళ్లు రెండు లక్షలు దాటారు. ఇంకో విచిత్రం, ఫ్రిస్కో అనే పేరే సెయింట్ లూయిస్ – శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే నుంచి వచ్చింది. రైలు పేరు పెట్టుకున్న ఊళ్లో ఇప్పుడు గూడ్సు బండ్లే తిరుగుతాయి.

అప్పుడు చేరిన ఊళ్లన్నీ నిలవలేదు. 1989లో కొపెల్, ఫ్లవర్ మౌండ్ ఓటు వేసుకుని బయటికి వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఆ రెండు ఊళ్లలోనూ మన కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. 1989లో ఎవరో వేసిన ఓటు ఈరోజు అక్కడి తాతగారు ఒంటరిగా లైబ్రరీకి వెళ్లగలరా లేదా అన్నది తేలుస్తోంది. 2025 చివరి నాటికి డార్ట్‌లో ఉన్నవి 13 ఊళ్లు.

ఏం కట్టారు?

మొదటి లైట్ రైలు 1996 జూన్‌లో నడిచింది. ప్లేనోలోని పార్కర్ రోడ్డు దాకా 2002 డిసెంబరులో వచ్చింది. డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయానికి ఆరెంజ్ లైన్ 2014లో చేరింది. ఇప్పుడు లైట్ రైలు 93 మైళ్లు, 65 స్టేషన్లు. అమెరికాలోని పెద్ద లైట్ రైలు వ్యవస్థల్లో ఇదొకటి.

మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చే లైన్ ఈ మధ్యే మొదలైంది. అదే సిల్వర్ లైన్, 2025 అక్టోబరు 25న. ప్లేనోలోని షైలో రోడ్డు నుంచి విమానాశ్రయం టెర్మినల్ బి దాకా 26 మైళ్లు, 10 స్టేషన్లు. మన పిల్లలు వేల మంది చదివే యూటీ డాలస్‌కు సొంత స్టేషన్ వచ్చింది. రిచర్డ్‌సన్‌లో స్టేట్ ఫార్మ్ ఆఫీసులున్న సిటీలైన్ దగ్గర ఆగుతుంది. అడిసన్, డౌన్‌టౌన్ క్యారల్టన్, సైప్రస్ వాటర్స్ మీదుగా వెళుతుంది.

ఈ లైన్ కోసం కాటన్ బెల్ట్ అనే పాత గూడ్సు మార్గాన్ని డార్ట్ 1990లో కొన్నది. అంటే దారి చేతికొచ్చాక రైలు నడవడానికి 35 ఏళ్లు పట్టింది. ఖర్చు సుమారు 200 కోట్ల డాలర్లు, అందులో 90.8 కోట్లు ఫెడరల్ ప్రభుత్వం నుంచి తెచ్చుకున్న దీర్ఘకాలిక అప్పు. ఆ అప్పు తీర్చేది టికెట్ల డబ్బు కాదు. టికెట్లతో వచ్చేది ఖర్చులో చిన్న వాటానే. అసలు ఆధారం మనం కట్టే ఆ ఒక్క సెంటు, అన్ని ఊళ్ల నుంచీ కలిపి ఏడాదికి 80 కోట్ల డాలర్ల పైమాటే.

హైదరాబాద్ మెట్రో కట్టిన తీరు వేరు. అక్కడ 69 కిలోమీటర్ల మార్గాన్ని ఎల్ అండ్ టీ సంస్థ ప్రభుత్వ భాగస్వామ్యంతో కట్టింది, టికెట్లూ స్టేషన్ల దగ్గరి మాల్సూ అద్దెలూ కలిపి పెట్టుబడి రాబట్టుకోవాలన్నది లెక్క. 2017 నవంబరులో రైలు మొదలైంది. 2025 సెప్టెంబరుకు ఆ సంస్థ తప్పుకోవడానికి, రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది. చివరికి అక్కడైనా ఇక్కడైనా ప్రజా రవాణా భారం ప్రజల డబ్బు మీదే నిలబడుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ డబ్బు ఇవ్వాలా వద్దా అని ఒక్కో ఊరినీ నేరుగా అడుగుతారు.

ఇప్పుడు గొడవ దేనికి?

ఆ అడగడం మళ్లీ వచ్చింది. 2025 నవంబరులో ప్లేనో, ఇర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలాండ్ పార్క్ నగర మండళ్లు డార్ట్‌లో ఉండాలా, వదిలెయ్యాలా అన్న ప్రశ్నను 2026 మే 2న ఓటుకు పెట్టాలని తీర్మానించాయి. 2025 డిసెంబరు నాటికి డార్ట్‌తో బేరసారాలు సాగుతూ ఉండేవి. అవి కుదిరితే మండళ్లు తీర్మానం వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండేది.

ప్లేనో వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. డార్ట్ కోసమే చేసిన ఒక అధ్యయనం ప్రకారం 2023 ఆర్థిక సంవత్సరంలో ప్లేనో నుంచి సుమారు 11 కోట్ల డాలర్లు వెళ్లాయి. ప్లేనో కోసం డార్ట్ పెట్టిన ఖర్చు సుమారు 4.4 కోట్లు. పైగా లైట్ రైలు ఊరికి తూర్పు పక్కన ఉంది. టొయోటా, జేపీ మోర్గాన్ ఆఫీసులున్న లెగసీ పడమటి పక్కన ఉంది. అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్లకు ఆ రైలు అక్కరకు రాదు. ఈ అసంతృప్తితోనే డార్ట్ ఆదాయంలో నాలుగో వంతు ఊళ్లకు తిరిగి ఇప్పించాలని 2025లో టెక్సాస్ శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. అది నెగ్గలేదు.

డార్ట్ వైపు వాదన కూడా వినాలి. రైలు మార్గాన్ని ఊరి వారీగా ముక్కలు చేసి లాభనష్టాలు లెక్కగట్టలేం. ప్లేనోలో ఎక్కినవాడు డాలస్‌లో దిగుతాడు, రిచర్డ్‌సన్ ఉద్యోగి గార్లండ్ నుంచి వస్తాడు. ఒక ఊరు తప్పుకుంటే మిగతా ఊళ్ల లైన్లకూ దెబ్బే. డబ్బు ఒత్తిడితో 2025 సెప్టెంబరులోనే డార్ట్ బోర్డు కొన్ని సర్వీసుల కోతకు ఒప్పుకుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది చట్టంలోని ఒక సంగతి. ఊరు బయటికి వెళ్లాలని ఓటేస్తే, ఫలితం అధికారికంగా ఖరారైన మర్నాటి నుంచే అక్కడ సర్వీసు ఆగిపోతుంది. బస్సు, రైలు స్టేషన్, పిలిస్తే వచ్చే వ్యాన్ మాత్రమే కాదు, నడవలేనివాళ్లను డయాలసిస్‌కు తీసుకెళ్లే పారాట్రాన్సిట్ కూడా. కానీ పన్ను మాత్రం వెంటనే ఆగదు. డార్ట్ అప్పుల్లో ఆ ఊరి వాటా తీరేదాకా అదే సెంటు వసూలవుతూనే ఉంటుంది. అంటే కొన్నేళ్లపాటు డబ్బు కట్టాలి, బండి రాదు. కట్టడానికి 35 ఏళ్లు, తెంచడానికి ఒక్క రోజు.

ఏది మేలో ఎవరి ఇంటి అవసరాన్ని బట్టి వాళ్లు తేల్చుకోవాలి. నా మటుకు, బయటికి వెళ్లాలనేవాళ్లు ఆ మర్నాడు వృద్ధులను, వికలాంగులను ఎవరు తీసుకెళతారో ముందు కాగితం మీద చూపించాలి. అది చూపించని ఏ లెక్కనూ నేను నమ్మను.

మన ఇళ్లకు దీనితో ఏం పని?

"మనకు ఇంటికి రెండు కార్లున్నాయి, మనకెందుకు?" అనేవాళ్లున్నారు. కారు నడపలేనివాళ్లు మన ఇళ్లలోనే ఎంతమందో ఒకసారి లెక్క పెట్టండి. వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. ఇంకా లైసెన్సు రాని పదిహేనేళ్ల పిల్లలు. మొదటి ఏడాది కారు కొనలేని విద్యార్థులు. వీసా మీద ఉన్నవాళ్లకు టెక్సాస్ ఇచ్చే లైసెన్సు గడువు వాళ్ల వీసా కాగితాల గడువుతో ముడిపడి ఉంటుంది. పొడిగింపు ఆలస్యమైతే లైసెన్సు రెన్యువల్ కూడా చిక్కుల్లో పడుతుంది. అలాంటి నెలల్లో హెచ్4 మీద ఉన్న అమ్మాయి పిల్లల్ని ఎలా తిప్పుకుంటుందో ఆలోచించండి.

ఓటు హక్కు పౌరులకే ఉంది. పన్ను మాత్రం హెచ్1బీ వాళ్లూ, విద్యార్థులూ, మనల్ని చూడ్డానికి వచ్చిన తాతగారూ అందరూ కడుతున్నారు. ఓటు లేనివాళ్లు కూడా చేయగలిగింది ఉంది. నగర మండలి సమావేశాల్లో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. పేరు నమోదు చేసుకుంటే కొన్ని నిమిషాలు ఇస్తారు. డార్ట్ బోర్డులోని 15 మందిని నియమించేది కూడా ఈ నగర మండళ్లే. కాబట్టి మన మాట మొదట వినిపించాల్సింది అక్కడే.

వాడుకునేవాళ్లకు కొన్ని మాటలు

• టికెట్ 'గోపాస్' యాప్‌లో కొనుక్కోవచ్చు. 2025లో స్థానిక డే పాస్ 6 డాలర్లు ఉండేది. 65 ఏళ్లు దాటినవారికి సగం ధర, వయసు చూపే గుర్తింపు కార్డు దగ్గర ఉంచండి.

• స్టేషన్‌కు దూరంగా ఉంటే మీ ప్రాంతంలో 'గోలింక్' ఉందేమో అదే యాప్‌లో చూడండి. అది పిలిస్తే వచ్చే వ్యాన్, దానికి నిర్ణీత హద్దులు ఉంటాయి.

• ఇండియా నుంచి వచ్చేవారు ఎక్కువగా టెర్మినల్ డిలో దిగుతారు. అక్కడి నుంచి ఉచిత టెర్మినల్ లింక్ బస్సులో టెర్మినల్ బికి వెళితే సిల్వర్ లైన్, టెర్మినల్ ఎకి వెళితే ఇర్వింగ్ మీదుగా డాలస్ వెళ్లే ఆరెంజ్ లైన్.

• ఫ్రిస్కోలో వృద్ధులకు, వికలాంగులకు ముందుగా బుక్ చేసుకునే పరిమిత సేవ ఒకటి నగరం తరఫున ఉంది. దానికి ముందు అర్హత నమోదు చేసుకోవాలి. అమ్మానాన్నలు రాకముందే కనుక్కోండి.

• ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగ్‌తోపాటు ఆ ఊరు డార్ట్‌లో ఉందో లేదో చూడండి. 'డాలస్ దగ్గరే' అన్న ఏజెంటు మాట దీనికి చాలదు.

• పౌరసత్వం వచ్చినవాళ్లు ఓటరుగా నమోదు చేసుకున్నారో లేదో సరిచూసుకోండి. టెక్సాస్‌లో ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు పూర్తి కావాలి. మే నెల స్థానిక ఎన్నికలకు వచ్చేవాళ్లు తక్కువ, ఫలితం కొద్ది ఓట్లతోనే తేలిపోవచ్చు. మన వీధిలో ఓటున్న నాలుగిళ్ల వాళ్లు వెళ్లినా లెక్కలోకి వస్తుంది.