రసీదు లేని బయానా

స్థలం కొనాలంటే రెండు కావాలంటారు: డబ్బూ, దలాలీ. మొదటిది పోపుల డబ్బాలోంచి, చీటీపాటలోంచి, ఒక్కోసారి చేతి గాజుల్లోంచి రావాలి. రెండోవాడు పిలవకుండానే వస్తాడు! బేరం కుదిరేదాకా "అక్కా, అక్కా" అంటూ పూటకో కాఫీ తాగినవాడు, బేరం చెడ్డాక మనల్ని చూసి పక్క సందులోకి తిరిగిపోతాడు. ఇచ్చిన బయానా గురించి అడిగితే "పార్టీకి ఇచ్చేశానమ్మా" అంటాడు. ఆ పార్టీ ఎవరో, ఎంత ముట్టిందో దేవుడికెరుక.

దలాలీ, బయానా, బైనామా - ఈ మాటలన్నీ అరబ్బీ, పారశీ భాషల్లోంచి కచేరీల మీదుగా మన ఇళ్లల్లోకి వచ్చినవే. కాని ఇచ్చినదానికి రాత ఉండాలన్న తెలివి మాత్రం ఈ నేలకి అంతకన్నా పాతది.

నల్లగొండ జిల్లా నందికొండనే తీసుకోండి. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టింది ఇక్కడే. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్కడి కృష్ణా లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలిసింది. వీరపురుషదత్తుడి పధ్నాలుగో ఏట బోధిశ్రీ అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించింది. కట్టించి ఊరుకోలేదు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎక్కడ, ఏ ఏట - అన్నీ రాతిమీద చెక్కించింది. మొగుడూ, అమ్మానాన్నలూ, చుట్టాలూ అందరినీ అందులో తలచుకుంది. తర్వాత ఆ లోయంతా నీట మునిగింది. రాత మాత్రం మనదాకా వచ్చింది!

1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పారింది. మెట్ట చేలు మాగాణులవుతూంటే ధరలు పెరగవా మరి? కోస్తా జిల్లాలనించి రైతులు భూములు కొనడానికి తరలివచ్చారు. కొనేవాడికి ఊరు తెలీదు, అమ్మేవాడికి కొనేవాడు తెలీడు. అలాంటిచోట మధ్యవర్తికి గిరాకీ ఉండక ఏంచేస్తుంది!

తెలంగాణలో ఇంకో చిక్కు కూడా ఉండేది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం ప్రకారం వ్యవసాయ భూమి అమ్మడానికి అప్పట్లో అనుమతి కావలసి ఉండేది. కొందరు దానికి జడిసి, కొందరు రిజిస్ట్రేషను ఖర్చుకి జడిసి, తెల్లకాగితం మీద నలుగురి సాక్షి సంతకాలతో పని కానిచ్చేవారు. అదే సాదాబైనామా. డబ్బిచ్చి, దున్నుకుని తిన్నా, కచేరీ లెక్కల్లో పేరు మాత్రం పాత ఆసామిదే! ఆ చిక్కుముడి విప్పడానికి తెలంగాణ ప్రభుత్వం 2016లోనూ, 2020లోనూ దరఖాస్తులు తీసుకోవలసి వచ్చింది. పెద్దవాళ్లు పోయాక అలాంటి కాగితంతో కచేరీల చుట్టూ తిరిగేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే.

పోనీ, బేరం చెడింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు ఏడుపు మాని లెక్క అడగండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మన పక్షానే మాట్లాడుతుంది. మన తరఫున పనిచేసే ఏజెంటు, అడిగినప్పుడు లెక్క చెప్పి తీరాలి. మన కోసం పుచ్చుకున్న డబ్బు మనకి అప్పగించాలి. వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తి కానిదే కమీషను అడగడానికి వీల్లేదు. అప్పగించిన పనిలో తప్పు చేస్తే, ఆ పనికి కమీషనే రాదు. "తిరిగాను కదమ్మా, చెప్పులరిగాయి" అంటే, అరిగిన చెప్పులు చట్టం లెక్కలోకి రావు!

బయానా అమ్మేవాడికే చేరిందనుకోండి. మనమే వెనక్కి తగ్గితే కొంత పోవచ్చు; అంతా పోవాలని లేదు. ఢిల్లీలో 1,12,500 రూపాయల ఇంటి బేరం చెడి సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1963లో కోర్టు, బయానాగా ఇచ్చిన 1,000 రూపాయలు అమ్మకందారు ఉంచుకోవచ్చుగాని, ఆ పైన ముట్టిన 24,000, నష్టం రుజువు కాకుండా మింగెయ్యడానికి లేదంది.

కాబట్టి అడగడం నోటితో కాదు, రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో. తారీఖూ, మొత్తం, ఎవరి చేతికిచ్చారో రాసి, ఒక నకలు బీరువాలో పెట్టుకోండి. డబ్బు రాబట్టుకునే దావాకి మామూలుగా మూడేళ్లే గడువు. "వచ్చే నెల, పై నెల" అని అతను తిప్పేది అందుకే కావచ్చు. లేఔటులో ప్లాటయితే 2016 నాటి రెరా చట్టం ఉంది. అలాంటివి అమ్మిపెట్టే ఏజెంటు పేరు నమోదు చేసుకోవాలి, లెక్కల పుస్తకాలు ఉంచాలి. లేకపోతే హైదరాబాదులోని రెరా సంస్థకి ఫిర్యాదు చెయ్యొచ్చు.

అన్నట్టు, ఇంకోసారి బయానా ఇచ్చేటప్పుడు మొహమాటం వద్దు. "మన మధ్య రసీదెందుకక్కా?" అంటాడు. బోధిశ్రీ దేవుడి పనికే రాత పెట్టించుకుంది. మన గాజులు అమ్మిన డబ్బుకి ఆమాత్రం కాగితం అడగడం తప్పెలా అవుతుంది?