టెహ్రాన్ ఏరుకున్న పాటలు

2004 ఆగస్టులో ఇరాన్‌లో ఒక క్యాసెట్ అధికారికంగా విడుదలైంది. అది బ్రిటన్‌కు చెందిన క్వీన్ బృందం ప్రసిద్ధ గీతాల సంకలనం. ఇస్లామిక్ రిపబ్లిక్ ఆమోదముద్ర పొందిన తొలి రాక్ బృందం ఇదేనని నాటి వార్తలు పేర్కొన్నాయి. అందులో 'బొహిమియన్ రాప్సొడీ' ఉంది, 'ది మిరకిల్' ఉంది, 'ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ' కూడా ఉంది. ప్రేమగీతాలలో అనేకం మాత్రం లేవు.

ప్రసిద్ధ గీతాల సంకలనం అంటేనే ఒక ఎంపిక. మెరిసే దుస్తులు, ముఖానికి రంగులు, నాటకీయ భంగిమలతో సాగిన గ్లామ్ రాక్ కాలంలో పైకి వచ్చిన క్వీన్, 1981లో 'గ్రేటెస్ట్ హిట్స్'ను వెలువరించింది. బ్రిటన్ ప్రతిలో 17 పాటలున్నాయి. అమెరికా ప్రతిలో జాబితా వేరు. 2022 నాటికి ఒక్క బ్రిటన్‌లోనే దాని అమ్మకాలు 70 లక్షలకు చేరాయి. అంతకుముందు అక్కడ మరే ఆల్బమ్ ఆ సంఖ్యను అందుకోలేదు. లండన్‌లో ఎంపికకు కొలమానం జనాదరణ. టెహ్రాన్‌లో దానికి రాజ్యం అనుమతి కూడా తోడవ్వాలి.

రాజ్యం ఈ బృందాన్నే ఎందుకు అనుమతించింది? దొంగ కాపీల ద్వారా క్వీన్ అప్పటికే ఇరాన్ యువతకు చేరువైంది. దానికి తోడు, గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ తన మూలాలు పర్షియాలో ఉన్నాయని గర్వంగా చెప్పుకున్నవాడు. ఆయన అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గుజరాత్ పార్సీలు. ఇంటిపేరు నేటి వల్సాడ్ పట్టణం పాత పేరు నుంచి వచ్చింది. చదువు మహారాష్ట్రలోని పంచగనిలో సాగింది. 1964 జాంజిబార్ విప్లవం ఆ కుటుంబాన్ని ఇంగ్లండ్‌కు తరిమింది.

ఇక్కడే చరిత్ర ఒక వింత మలుపు తీసుకుంది. అరబ్బుల విజయం తర్వాత స్వధర్మాన్ని కాపాడుకునేందుకు ఇరాన్‌ను వీడిన జొరాస్ట్రియన్ల సంతతిని పార్సీలు అంటారు. వారిలో ఒకడి గొంతు శతాబ్దాల తర్వాత, మతమే రాజ్యమైన ఇరాన్‌కు అనుమతి పత్రంతో తిరిగి వెళ్లింది. కానీ ఆ మనిషి మొత్తంగా వెళ్లలేదు. స్వలింగ సంబంధానికి మరణశిక్ష సైతం విధించే దేశమది. పురుషులను ప్రేమించి, 1991లో ఎయిడ్స్ వ్యాధితో మరణించిన వ్యక్తి జీవితానికి ఆ క్యాసెట్‌లో చోటు ఎక్కడిది?

క్యాసెట్‌తోపాటు పాటల అనువాదాలు, వివరణలు గల చిన్న పుస్తకాన్ని జత చేశారు. 'బొహిమియన్ రాప్సొడీ'ని అది ఒక పశ్చాత్తాప కథగా వివరించింది: పొరపాటున హత్య చేసి, సైతానుకు ఆత్మను అమ్ముకున్న యువకుడు ఉరికి ముందటి రాత్రి దైవాన్ని తలచి విముక్తుడయ్యాడట. పాటలో వినిపించే 'బిస్మిల్లా' అన్న పదం ఆ వ్యాఖ్యానానికి ఆధారమైంది. పాట భావమేమిటో మెర్క్యురీ ఎన్నడూ విడమరచి చెప్పలేదు. ఆ మౌనంలోకి రాజ్యం తన అర్థాన్ని చొప్పించింది.

ఖాతమీ అధ్యక్షుడిగా ఉన్న కాలపు ఆ సడలింపు ఎక్కువ కాలం నిలవలేదు. 2005లో అహ్మదీనెజాద్ ఏలుబడి మొదలయ్యాక ప్రభుత్వ రేడియో, టెలివిజన్లలో పాశ్చాత్య సంగీతాన్ని నిషేధించారు. మరుసటి ఏడాది జాంజిబార్‌లో మెర్క్యురీ 60వ జయంతి వేడుకలు తలపెడితే, స్థానిక మత సంస్థ తీవ్రంగా వ్యతిరేకించింది.

ఇరాన్‌ను చూసి భారతదేశం నవ్వుకోవడానికి లేదు. పంచగనిలో చదివిన కుర్రాడు ప్రపంచాన్ని ఊపేశాడని ఇక్కడా మురిసిపోయారు. అదే భారతదేశంలో, ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన ఊరటను 2013లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 377వ సెక్షన్ కింద ఆయన వంటివారు నేరస్థులు కారని తేలడానికి 2018 సెప్టెంబర్ 6 దాకా ఆగవలసి వచ్చింది. మెర్క్యురీ విషయంలో టెహ్రాన్ తన కత్తెరను దాచుకోలేదు. న్యూఢిల్లీ కత్తెర శిక్షాస్మృతిలో ఉండిపోయింది గనుక, 'మనవాడు' అని మురిసిపోయినవారికి అది కనబడలేదు.