మందులిచ్చేవారి మౌనం

వైద్యచరిత్ర రాసేవారు 1952వ సంవత్సరాన్ని తప్పక పేర్కొంటారు. ఆ సంవత్సరం పారిస్ నగరంలోని సేంట్ ఆన్ ఆసుపత్రిలో దెలే, దెనికేర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును మానసికరోగులకు ఇచ్చి చూశారు. గొలుసులూ, గదులూ, చన్నీళ్ళూ సాధనాలుగా వున్న చోట ఒక మందు సాధనమయింది. ఏళ్ళ తరబడి మాట్లాడనివారు మాట్లాడారు. ఇది మానవజాతి విజయం. ఇందులో సందేహించవలసింది ఏమీ లేదు.

అదే 1952లో జరిగిన మరొక సంగతిని ఎవరూ అంతగా పేర్కొనరు. అమెరికాలోని ఫార్మసిస్టుల సంఘం ఆ సంవత్సరం తన నీతినియమావళిని సవరించుకొన్నది. ప్రిస్క్రిప్షన్‌లో వున్న మందు ఏమిటో, అది ఏమి చేస్తుందో ఫార్మసిస్టు రోగితో చర్చించరాదని ఆ నియమావళి నిర్దేశించింది. రోగి అడిగితే డాక్టరునే అడగమని చెప్పి పంపించాలట!

ఈ రెండు సంఘటనలకూ అప్పుడు ఏ సంబంధమూ లేదు. తర్వాతి చరిత్ర వాటిని ఒకచోటికి తెచ్చింది. మానసికవ్యాధుల మందులు వాడేవారికి వొళ్ళు పెరగడం, రక్తంలో చక్కెరా కొవ్వూ హెచ్చడం అనే ఉపద్రవాన్ని కనిపెట్టి వుండవలసినవారు ఎవరు అనే ప్రశ్న వచ్చినపుడు, అందరికంటే దగ్గరగా వున్న మనిషి నోరు మూసివుంది. ఆ నోరు తనంత తాను మూసుకోలేదు. దాన్ని మూసిన చరిత్ర ఒకటి వుంది.

పాతకాలపు ఫార్మసిస్టు మందును తన చేతులతో నూరి, కలిపి, తూచి ఇచ్చేవాడు. మన వూళ్ళలో కాంపౌండరు అన్న మాట కూడా ఆ పనినిబట్టి వచ్చినదే. మందుల తయారీ ఫ్యాక్టరీలకు పోయిన తర్వాత కల్వం మూలనబడింది. అమెరికాలో 1951లో వచ్చిన చట్టం అనేక మందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసింది. కట్టడి మంచిదే. కాని మొత్తంమీద జరిగినదేమంటే, తయారుచేసే పని ఫ్యాక్టరీకీ, వివరించే పని డాక్టరుకూ పోగా, చదువుకొన్న ఫార్మసిస్టుకు మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోసే పని మిగిలింది. ఆ స్థితికి నీతి అనే పేరు పెట్టినదే 1952 నాటి నియమావళి.

దీనికి ఎదురునిలిచినవారు లేకపోలేదు. వర్జీనియా రాష్ట్రంలో బెరివిల్ అనే చిన్నవూళ్ళో యూజీన్ వైట్ అనే ఫార్మసిస్టు 1960లో తన షాపులోని సోడాలూ, సౌందర్యసాధనాలూ తీసివేసి, దానిని ఆఫీసుగా మార్చి, వాడే మందుల వివరాలతో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క కార్డు రాసిపెట్టనారంభించాడు. 1969లో సంఘమే తన నియమావళిని మార్చుకొన్నది. మార్పుకు మార్గం వుందని ఇవి చూపుతాయి. అయితే ఒక మనిషి చేసినదానిని వ్యవస్థ చేయడానికి మరికొంత బలం కావలసి వచ్చింది.

ఈలోగా మానసికవైద్యశాలలు ఖాళీ అవుతున్నాయి. అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రులలో 1955లో 5 లక్షల 50 వేలకు పైగా రోగులుండేవారు. తర్వాత ఆ సంఖ్య ఏటేటా తగ్గింది. మందు ఒక కారణం. ఖర్చు తగ్గించుకోవాలన్న ప్రభుత్వాల ఆత్రం మరొక కారణం. క్లోర్‌ప్రోమజీన్ వాడేవారు లావెక్కుతున్నారని 1950లలోనే వైద్యులు గమనించారు. 1960లలో ఈ జాతి మందులకూ మధుమేహానికీ గల సంబంధం గూర్చి వ్యాసాలు వచ్చాయి. ఆసుపత్రిలో వున్నంతకాలం రోగి నర్సు కళ్ళముందు వుంటాడు. ఇంటికి వచ్చిన తర్వాత డాక్టరును చూసేది ఏ మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి. నెలనెలా తప్పకుండా చూసేది మందుల షాపులోని మనిషినే. రోగిని కనిపెట్టే బాధ్యత న్యాయంగా ఆసుపత్రినుంచి ఆ గల్లాబల్ల దగ్గరకు రావలసివుంది. అది రాలేదు.

ఒక్కసారి మాత్రం వచ్చింది. అది ఎందుకు వచ్చిందో తెలుసుకొంటే, మిగిలినపుడు ఎందుకు రాలేదో తెలుస్తుంది.

క్లోజపీన్ అనే మందు మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు పనిచేస్తుంది. 1975లో ఫిన్లాండులో ఈ మందు వాడినవారిలో కొందరికి రక్తంలోని తెల్లకణాలు పడిపోయి 8 మంది మరణించారు. మందు అనేక దేశాల్లో ఆగిపోయింది. 1988లో అమెరికాలో జరిగిన పరిశోధన దాని శక్తిని రుజువు చేసిన తర్వాత, 1989లో అక్కడి ప్రభుత్వం ఒక షరతుమీద అనుమతించింది: వారంవారం రక్తపరీక్ష లేనిదే మందు లేదు. శాండోజ్ కంపెనీ ఆ రక్తపరీక్షను కూడా సరుకుగా మార్చి, మందూ పరీక్షా కలిపి ఏడాదికి దాదాపు 9,000 డాలర్లు ధర పెట్టింది. పేదరోగులకు అందకుండాపోయింది. రాష్ట్రప్రభుత్వాలు గుత్తాధిపత్యాన్ని నిషేధించే చట్టాలకింద కోర్టుకెక్కిన తర్వాత కంపెనీ ఆ రెంటినీ విడదీయవలసి వచ్చింది. అప్పటినుంచి మామూలు ఫార్మసిస్టులు తెల్లకణాల లెక్క చూసి మందు ఇవ్వడం, లెక్క తగ్గితే ఆపడం, డాక్టరుకు కబురుచేయడం నేర్చుకొన్నారు. అంతటి బాధ్యత వారికి తగదని ఎవరూ అనలేదు. 1990లో అమెరికా చేసిన మరొక చట్టం, ప్రభుత్వ సహాయంతో మందులు పొందే పేదలకు ఫార్మసిస్టు సలహా ఇవ్వజూపాలని ఆదేశించింది. 1952 నాటి మౌనం చట్టరీత్యా ముగిసింది.

అయితే ఇక్కడొక విచిత్రం గమనించాలి. క్లోజపీన్ తెల్లకణాలనే కాదు, శరీరపు జీవక్రియను కూడా దెబ్బతీస్తుంది. వొళ్ళు విపరీతంగా పెంచే మందులలో అది మొదటి వరుసలోనిది. వారంవారం నరంనుంచి రక్తం తీస్తున్నారు. ఆ రక్తంలోనే చక్కెర ఎంత వుందో చూడవచ్చు. చూడమని ఆ షరతులో లేదు. తెల్లకణాలు పడిపోతే మనిషి కొద్దిరోజుల్లో చనిపోవచ్చు, మందుకు చెడ్డపేరు వస్తుంది, అమ్మకం నిలిచిపోతుంది. చక్కెర, కొవ్వు, గుండెజబ్బు పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో చంపుతాయి. అప్పుడు మరణపత్రంలో గుండెపోటు అని రాస్తారు. త్వరగా చంపేదానికి కాపలా పెట్టారు. నెమ్మదిగా చంపేదానిని వదిలేశారు.

1996లో అమెరికా మార్కెట్టులోకి వచ్చిన ఓలంజపీన్ కథ దీనిని మరింత స్పష్టం చేస్తుంది. ఈ మందుకు తెల్లకణాల భయం లేదు గనుక కాపలా అవసరం లేదన్నారు. ఆకలిని రేపి వొళ్ళు పెంచడంలో అది క్లోజపీన్‌కు సమీపంలో వుంది. 2002లో జపాన్ ప్రభుత్వం ఈ మందుకూ మధుమేహానికీ గల సంబంధం గూర్చి హెచ్చరించింది. 2003లో అమెరికా ప్రభుత్వం ఈ కొత్త తరహా మందులన్నిటికీ హెచ్చరిక చేర్చమన్నది. కంపెనీ ఈ ప్రమాదాన్ని తక్కువచేసి చెప్పిందని, దాని లోపలి పత్రాల ఆధారంతో 2006లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. కంపెనీ కాదన్నది. 2009లో మాత్రం ఎలీ లిల్లీ కంపెనీ, అనుమతిలేని జబ్బులకు ఈ మందును ప్రచారం చేసిన నేరాన్ని ఒప్పుకొని, కేసుల పరిష్కారానికి 141 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

2004లో అమెరికా మధుమేహవైద్యుల, మానసికవైద్యుల సంఘాలు కలిసి ఒక పద్ధతి చెప్పాయి. మందు మొదలుపెట్టేముందు బరువు, నడుము చుట్టుకొలత, రక్తపుపోటు, చక్కెర, కొవ్వు చూడాలి. బరువు 4, 8, 12 వారాలకు, తర్వాత మూడునెలలకొకసారి చూడాలి. రక్తపుపోటు, చక్కెర, కొవ్వులను 12 వారాలకు మళ్ళీ చూడాలి. ఇందులో గొప్ప యంత్రం ఏదీ అక్కరలేదు. ఒక తూకపుయంత్రం, ఒక టేపు, వేలిచివర ఒక రక్తపుబొట్టు చాలు. అయినా హెచ్చరికలు వచ్చిన తర్వాత అక్కడ పేదల ఆరోగ్యపథకం లెక్కలు తీస్తే చక్కెరపరీక్షలు పెరిగిన జాడ లేదు. చెయ్యవలసినదేమిటో కాగితంమీద వుంది, ఎవరు చెయ్యాలో లేదు.

రోగికి ఇవన్నీ చెబితే భయపడి మందు మానుతాడని కొందరు వైద్యులంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. మందు మానితే వ్యాధి తిరగబెడుతుంది, ప్రాణాలే పోవచ్చు. కాని చెప్పకపోతే మానడం లేదా? 2005లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ పరిశోధనలో 1,493 మంది రోగులలో 74 శాతం మంది 18 నెలలలోపల తమకిచ్చిన మందును వదిలేశారు. ఓలంజపీన్ వదిలినవారిలో కొందరు వొళ్ళు పెరగడంవల్లనే వదిలారు. చెప్పనందువల్ల భయం పోదు, నమ్మకం పోతుంది.

మన మిత్రులలో మరికొందరు ఈ మందులే పాలకవర్గపు సంకెళ్ళని అంటారు. వారితో కూడా ఏకీభవించలేము. 2009లో వెలువడిన ఫిన్లాండు దేశపు లెక్కలలో క్లోజపీన్ వాడినవారిలో మరణాలు మిగతా మందులు వాడినవారికంటే తక్కువగా వున్నాయి. వొళ్ళు పెంచే మందే ప్రాణం నిలిపే మందు కూడా. ఈ రెండు సత్యాలనూ ఒకే రోగికి ఓపికగా చెప్పగల మనిషి కావాలి. అటువంటి మనిషి ఆకలి పెరుగుతుందని ముందే చెబుతాడు. మొదటి వారాల్లోనే బరువు చూస్తాడు. హఠాత్తుగా దాహం, అతిమూత్రం వస్తే ఆలస్యం చేయవద్దంటాడు. మందు మార్చడమో, మెట్‌ఫార్మిన్ చేర్చడమో ఆలోచించమని డాక్టరుకు రాస్తాడు. మందు మాత్రం తనంత తాను ఆపవద్దని రోగికి గట్టిగా చెబుతాడు.

ఇది జరిగే పనేనా? 2009లో జపాన్‌లో క్లోజపీన్ ప్రవేశపెట్టినపుడు తెల్లకణాలతోపాటు చక్కెరపరీక్షను కూడా తప్పనిసరి చేశారు. ఆ పథకంలో డాక్టరుతోపాటు ఫార్మసిస్టు పేరు కూడా నమోదు కావాలి. కనుక అడ్డువచ్చినది శాస్త్రం కాదు.

మన దేశం సంగతి చూద్దాం. 1970 పేటెంటు చట్టం పుణ్యమా అని ఈ మందులు మనకు చవకగా దొరికాయి. ఇది చిన్న విజయం కాదు. ఫార్మసీ చట్టం 1948లోనే వచ్చింది. రోగికి సలహా చెప్పడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి నిబంధనలు కూడా చెప్పాయి. కాని మన బజారులో జరిగేదేమిటో అందరికీ తెలుసు. చాలా షాపుల్లో సర్టిఫికెట్టు గోడకు వేలాడుతుంది, బల్లవెనుక వేరొకరు వుంటారు. వున్నవారికి సలహా చెప్పినందుకు జీతం లేదు, అట్టలు అమ్మినందుకు వుంది. ప్రభుత్వం వైపు చూస్తే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో ఒక దారిన మొదలయింది. మధుమేహం, గుండెజబ్బుల కార్యక్రమం 2010లో మరొక దారిన మొదలయింది. ఈ రెండవదానికింద ఊరూరా చక్కెరపరీక్షలు చేసేది 30 ఏళ్ళు దాటినవారికి. స్కిజోఫ్రీనియా సాధారణంగా ఇరవైలలోనే మనిషిని పట్టుకొంటుంది. పైగా మనవారికి తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది. మందు వేసుకొనే పాతికేళ్ళ కుర్రవాడు ఈ రెండు కార్యక్రమాల మధ్య జారిపోతాడు.

తీవ్రమైన మానసికవ్యాధులున్నవారు ఇతరులకంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారు. గుండెజబ్బు దానికొక ముఖ్యకారణం. దీనికి రోగి తిండినీ, సోమరితనాన్నీ నిందించడం తేలిక. ఆకలిని రేపినది మందు. కాపలా లేకుండా వదిలినది వ్యవస్థ.

కాబట్టి ఫార్మసిస్టును సేవాభావం అలవరచుకొమ్మని ఉపదేశించి ఊరుకొంటే లాభం లేదు. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి మందుల గదిలో తూకపుయంత్రం, చక్కెరపరీక్ష సాధనం వుండాలి. మానసికరోగి మందులచీటీతోపాటు బరువుకార్డు వుండాలి. ఆ కార్డు చూసి మాట్లాడడానికి ఫార్మసిస్టుకు సమయం, జీతం, హక్కు వుండాలి. ఖాళీగా వున్న ఉద్యోగాలు నింపాలి. ఫార్మసీ కాలేజీల విద్యార్థులూ, ఉపాధ్యాయులూ వీటిని తమ కోర్కెల పత్రంలో చేర్చి, రోగుల కుటుంబాలతో కలిసి అడగాలి. క్లోజపీన్ రక్తపరీక్ష నిర్బంధాన్ని అమెరికా 2025లో ఎత్తివేసింది. పైవారు పెట్టిన కాపలాను పైవారే తీసివేయగలరు. రోగులూ, ఫార్మసిస్టులూ కలిసి అడిగి సాధించుకొన్నదానిని తీసివేయడం అంత తేలిక కాదు.