వకీళ్లను కన్న నేలలో వకీలు దొరకని ఊళ్లు

1931లో నిజాం రాష్ట్రపు రెండో ఆంధ్రమహాసభ మా దేవరకొండలోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టి, హైదరాబాదులో పేరున్న వకీలైనవారు. అంతకు ముందటేడు జోగిపేట సభకు అధ్యక్షులైన సురవరం ప్రతాపరెడ్డిదీ పాలమూరు జిల్లానే, ఆయనా లా చదివినవారే. 1936 షాద్‌నగర్ సభాధ్యక్షులు కొండా వెంకటరంగారెడ్డీ వకీలే. న్యాయశాస్త్రం చదివినవారికి మా నేలలో ఏనాడూ కరువు లేదు. అయితే బూర్గులవారి కోర్టూ, సురవరంవారి గోలకొండ పత్రికా ఉన్నది పట్నంలో.

ఊళ్లో రైతుకు మిగిలింది పటేలు, పట్వారీ. నిజాం కోర్టుల్లో రాతకోతలన్నీ ఉర్దూలో నడిచేవి. తన భూమి మీద ఏం రాశారో తెలియని కౌలుదారుకు పట్వారీ మాటే చట్టం. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారును పట్టాదారును చేసే 38-ఇ సెక్షన్ 1973 జనవరి 1 నుంచి అమలైంది. సర్టిఫికెట్ చేతికొచ్చినా భూమి రికార్డైన పహాణీలో పేరెక్కాలి, తండ్రి పోతే కొడుకు పేర విరాసత్, అంటే వారసత్వ మార్పు కావాలి. అర్జీ ఎవరికి పెట్టాలో చెప్పే మనిషి ఊళ్లో లేక ఎన్నో హక్కులు ట్రంకుపెట్టెల్లోనే ఉండిపోయాయి.

ఈ లోటును కొంత తీర్చింది వకీళ్లు కాదు, ఊరి పిల్లలే. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిర క్రాంతి పథం కింద చదువుకున్న గ్రామీణ యువతకు భూచట్టాల్లో శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా పంపారు. వాళ్లు పాత పహాణీలు తీయించారు, అర్జీలు రాశారు, పేదల వెంట తహసీల్ ఆఫీసుకు నడిచారు. అది పథకంగా వచ్చిందే తప్ప శాశ్వత కొలువుగా నిలవలేదు.

తెలంగాణలో 2020 నాటి భూమి హక్కుల, పాసుపుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేయడంతో చాలా తగాదాలకు సివిల్ కోర్టే దిక్కయింది. వకీలు అవసరం ఇంకా పెరిగింది. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులొచ్చాయి, 2025లో భూభారతి చట్టం అధికారుల దగ్గర అప్పీలుకు మళ్లీ దారిచ్చింది. ఇవి మంచి అడుగులే. కానీ గుంట భూమి తగాదాలో ఫీజెంత వస్తుందని యువ వకీలు మండలంలో బోర్డు కడతాడు? ఇది అతని తప్పు కాదు, బతుకు లెక్క.

కాబట్టి ఆ లెక్క ప్రభుత్వమే భరించాలి. ప్రతి మండలంలో జీతమిచ్చి ఒక పారాలీగల్‌ను పెట్టాలి. అంగడి రోజున న్యాయసేవా వకీలు అక్కడికొచ్చి కూర్చోవాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, వెట్టికి గురైనవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. తండాల్లో, వలస కూలీల వాడల్లో ఈ మాట చెప్పండి. న్యాయసేవల సంస్థ ఫోన్ నంబరు 15100.