మదనపల్లె బాలుర వ్యాజ్యము

తలిదండ్రులు తమ బిడ్డను చక్కగా పెంచుచున్నారా లేదా యని పరులు విచారింపవలసివచ్చినచో దేనిని కొలతగా గైకొనవలెను? తల్లి పోయిన పిల్లలు తండ్రికడ నుండవలెనా, మేనమామ యింట పెరుగవలెనా యని రచ్చబండమీద తర్కించిన పెద్దలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. న్యాయస్థానములలో దీనినిగూర్చి జరిగిన గొప్ప వ్యాజ్యములలో నొకటి తెలుగు కుటుంబమునకు సంబంధించినది.

జిడ్డు నారాయణయ్యగారు రెవిన్యూశాఖలో ఉద్యోగముచేసి విరమించినవారు, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. భార్య సంజీవమ్మగారు 1905లో గతించిరి. 1909లో ఆయన కుమారులతో మదరాసు చెంతనున్న అడయారునకు, సమాజపు కొలువునకై వచ్చిరి. కాపురమున్న యిల్లు శిథిలమైనది. పిల్లలు చిక్కిపోయి యుండిరి. మదనపల్లెలో 1895లో జన్మించిన కృష్ణమూర్తిని మందబుద్ధియని బడిలో కొట్టుచుండిరి. ఆ యేడే లెడ్‌బీటరను సమాజ ప్రముఖుడు ఆ బాలుని జూచి, ఇతడు లోకగురువు కాగలడనెను. అంతట కృష్ణమూర్తికిని తమ్ముడు నిత్యానందమునకును మంచి తిండి, శుభ్రత, చదువు అమరినవి. 1910 మార్చిలో తండ్రి వారి సంరక్షణను అనీబిసెంటుగారికి వ్రాసియిచ్చిరి. ఆమె వారిని ఇంగ్లండునకు గొనిపోయిరి.

పిదప తండ్రికి లెడ్‌బీటరు నడవడియందు శంక కలిగెను. బిడ్డలను మరల నిప్పింపుడని 1912లో వ్యాజ్యము వేసిరి. 1913లో మదరాసు హైకోర్టు న్యాయాధిపతి బేక్‌వెల్, తండ్రి మోపిన నేరము ఋజువు కాలేదనియు, అయినను లెడ్‌బీటరు బాలురకు బోధకుడుగా నుండదగడనియు నిర్ణయించి, పిల్లలను తండ్రి కప్పగింపుమనెను.

1890 నాటి సంరక్షకుల చట్టమునందలి మాట యొకటి యిచట గమనింపదగినది. తండ్రి బ్రతికియుండి, సంరక్షణకు తగనివాడని కోర్టు తలపనంతవరకు, వేరొకరిని సంరక్షకునిగా నియమింపరాదు. అనగా ఇరువురిలో మేలైనవా రెవరని కాదు, తండ్రి తగినవాడా కాదా యనియే ప్రశ్న. ఈ భేదము చిన్నది కాదు. మేలైన వారినే వెదకుచో ప్రతి పేదవాని బిడ్డయు ఊరి ధనికుని యింటికి పోవలసినదే!

1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. బాలురు ఇంగ్లండులో నుండగా ఈ దేశపు కోర్టున కధికారము లేదనుట యొక కారణము. తండ్రి హక్కు ధరోహరువంటిది, దానిని శాశ్వతముగా నన్యుల కీయజాలడు, ఇచ్చినను మరల గోరవచ్చును. కాని యీలోపల బిడ్డల కేర్పడిన అనుబంధములను, ఆశలను చెఱచుట వారికి కీడగునేని, అట్లు మరలించుటకు కోర్టు అంగీకరింపదు. వారి నిజమైన యిష్టమును తెలిసికొనవలెననియు కౌన్సిలువారు చెప్పిరి. అంతవరకు పెద్దల వాదములే కాని, బాలుర మాట విన్నవారు లేరు. తండ్రిని తలచుకొన్న నాకు జాలి కలుగును; అయినను కౌన్సిలువారి మాటయే సరియని తోచుచున్నది. కుమారులు మరల తండ్రి యింట కాపురముండలేదు.

ఈ చరిత్రలో తల్లి ప్రసక్తియే లేకుండుట యాకస్మికము. కాని చట్టమును తల్లిని చాలకాలము వెనుకకే నెట్టినది. తండ్రి బ్రతికియున్నను తల్లియు సహజ సంరక్షకురాలు కావచ్చునని సుప్రీముకోర్టు 1999లో చెప్పెను.

2015 నాటి బాలన్యాయ చట్టమునందును “తగని తలిదండ్రులు” అను మాట నిలిచియున్నది. తగుదురో లేదో తేల్చునది బాలల సంక్షేమ సమితి. అది పంపిన కార్యకర్త 15 దినములలో ఇంటి పరిస్థితిని విచారించి నివేదిక యీయవలెను. అట్టి కార్యకర్త గ్రామమునకు వచ్చి పెద్దల నడిగినచో, ఇంటి కప్పు కారుచున్నదని చెప్పుట సులభము. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి ఎవరు మేల్కొందురు, వాడు దెబ్బ తగిలినప్పుడు ఎవరియొద్దకు పరుగెత్తును, తండ్రి యింటికి వచ్చుసరికి మూల నక్కునా, ఎదురేగునా యనునవి ఇరుగుపొరుగువారికే తెలియును. కప్పు సంగతికి వేరొక మార్గము కలదు. బిడ్డను ఇంటనే యుంచి, తిండికి, వైద్యమునకు, చదువునకు ఆ కుటుంబమునకే ధనసహాయము చేయుటకు ఆ చట్టముననే యేర్పాటున్నది.