బిడ్డ ఆరోగ్యం – తల్లిదండ్రుల సంప్రదింపు
ఇస్లామీయ చరిత్రలో కొన్ని ఘట్టాలు

బిడ్డకు సుస్తీ చేసినప్పుడు తల్లిదండ్రులు ఎవరిని అడగాలి? ఎవరి మాట నమ్మాలి? చివరకు నిర్ణయం ఎవరు చేయాలి? ఇవి నేటి కాలపు చిక్కులని మనం అనుకొంటాము. కాని ఇస్లామీయ చరిత్ర తొలి దినాల నుండి ఈ ప్రశ్నలు ముస్లిం గృహాలలో ఉన్నవే. వాటికి మన పూర్వులు ఏ విధంగా సమాధానం వెదుకుకొన్నారో, ఎక్కడ సఫలులయ్యారో, ఎక్కడ తడబడ్డారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హజ్రత్ ఉమ్మె ఖైస్ (రజి) తన పసిబిడ్డను ఎత్తుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆ బిడ్డకు కొండనాలుక దగ్గర వాపు. ఆనాటి అరబ్బు స్త్రీలు ఇటువంటి వాపును వ్రేలితో నొక్కి తగ్గించడానికి ప్రయత్నించేవారు. ఆమె కూడా అదే చేసింది. అది చూసి ప్రవక్త (స) పిల్లలను ఇలా ఎందుకు బాధిస్తారని ప్రశ్నించి, ‘ఊదె హిందీ’ అనే వేరును వాడమని చెప్పారు. అది మన దేశం నుండి అరబ్బు దేశాలకు వెళ్ళిన వేరు. తెలుగులో చెంగల్వ కోష్టు అంటారు.

ఈ సంఘటనలో గమనించవలసింది మందు ఒక్కటే కాదు. ఆ తల్లికి ప్రేమ తక్కువై బిడ్డ గొంతు నొక్కలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేస్తూ ఉంటే చూసి నేర్చుకొన్న వైద్యం అది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనకు ఉండనే ఉన్నది. ప్రవక్త (స) ఆమె ప్రేమను శంకించలేదు. ఆమెకు తెలిసిన పద్ధతిని సరిదిద్దారు. ప్రతి వ్యాధికి అల్లాహ్ నివారణ కల్పించాడని బోధించిన ఆ నోటితోనే, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ఆయన హెచ్చరించారు. ఈ రెండవ మాటను అబూ దావూద్ తమ గ్రంథంలో నమోదు చేశారు. అంటే ప్రేమ ఒక్కటే చాలదు, తెలివిడి కావాలి. వైద్యుడి మీదా, వైద్యుణ్ణి ఎన్నుకొనే తల్లిదండ్రుల మీదా బాధ్యత ఉన్నది.

ఇక నిర్ణయం విషయం. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 233వ ఆయతు పసిబిడ్డకు పాలివ్వడాన్ని గురించినది. పాలిచ్చే పూర్తి కాలం రెండేండ్లని చెప్పి, అంతకు ముందే మాన్పించదలిస్తే తల్లిదండ్రులు ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో చేయవచ్చునని ఆ ఆయతు అనుమతించింది. ఈ ఆదేశం తలాఖ్ నియమాల నడుమ రావడం గమనార్హం. భార్యాభర్తలు విడిపోయినా బిడ్డ పాల విషయంలో ఒకరినొకరు సంప్రదించుకోవలసిందే! విడిపోయినవారికే ఇంత బాధ్యత ఉంటే, ఒక కప్పు క్రింద కాపురమున్న వారికి ఎంత ఉండాలో వేరే చెప్పనక్కరలేదు. తండ్రి ఒక్కడే ఆజ్ఞాపించడం గాని, తల్లి తండ్రికి తెలియకుండా చేయడం గాని ఈ ఆయతు స్ఫూర్తికి సరిపడవు.

తర్వాతి శతాబ్దాలలో ఈ తెలివిడి గ్రంథరూపం దాల్చింది. హిజ్రీ నాల్గవ శతాబ్దంలో, అంటే క్రీ. శ. పదవ శతాబ్దంలో, ట్యునీషియాలోని ఖైరవాన్ నగరపు వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్ పిల్లల పోషణ, చికిత్సల మీద ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. అదే శతాబ్దంలో ఈజిప్టులో అల్ బలదీ గర్భిణులను, శిశువులను, బాలలను గురించి మరొకటి వ్రాశాడు. వీరికి కొంచెం ముందు అర్రాజీ మశూచిని, తట్టును విడదీసి చూపే ప్రసిద్ధ గ్రంథం రచించాడు. జ్వరంతో పాటు నడుము నొప్పి, ముక్కు దురద, నిద్రలో ఉలికిపాటు ఉంటే మశూచిని అనుమానించాలనీ, తట్టులో నడుము నొప్పి తక్కువ, వికారం, కలత ఎక్కువ అనీ అతడు వివరించాడు. పక్కలో పడుకొన్న బిడ్డ నిద్రలో ఉలికిపడడం ముందుగా తెలిసేది తల్లికే కదా! వైద్యుడి గ్రంథానికి ఆధారం తల్లి చెప్పే మాటే. పధ్నాల్గవ శతాబ్దపు డమాస్కస్‌లో ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) రచించిన ‘తుహ్ఫతుల్ మౌదూద్’ మరొక మెట్టు. ధర్మశాస్త్రవేత్త అయిన ఆయన, అఖీఖా, నామకరణం వంటి విధులతో పాటు శిశువు పాలు, పండ్లు రావడం, నడక మొదలైన వాటిని కూడా ఒకే గ్రంథంలో చేర్చారు. ధర్మం వేరు, ఆరోగ్యం వేరు అని ఆయన భావించలేదు.

అయినా గ్రంథాలు చదువుకొన్న కొద్దిమందికే అందేవి. సామాన్య గృహాలకు ఈ తెలివిడిని చేరవేసింది స్త్రీలు. పద్దెనిమిదవ శతాబ్దం ఆరంభంలో ఉస్మానియా సామ్రాజ్యంలో మశూచి రసిని కొద్దిగా గాటులో పెట్టి, తేలికపాటి మశూచి తెప్పించి, పెద్ద గండం తప్పించే పద్ధతి ఉండేది. ఎండలు తగ్గాక కుటుంబాలు ఒకరికొకరు కబురు పంపుకొని, పిల్లలను ఒకచోట చేర్చి, అనుభవజ్ఞురాలైన ఒక వృద్ధ స్త్రీని పిలిపించేవారని ఆంగ్ల రాయబారి భార్య మేరీ మాంటేగ్ 1717లో వ్రాసింది. 1718లో ఆమె తన కుమారుడికి ఇస్తాంబుల్‌లో అదే చేయించింది. 1721లో లండనులో కుమార్తెకు చేయించింది. ఆ దశాబ్దంలోనే లండనులో ఉన్న ట్రిపోలీ రాయబారి కాసిం ఆగా, తన దేశంలో ఈ పద్ధతి ఎప్పటినుండి ఉన్నదో ఎవరికీ గుర్తులేనంత పాతదని వివరించాడు. సహజంగా మశూచి సోకితే నూటికి ముప్పది మంది దాకా చనిపోతారనీ, ఈ పద్ధతిలో ఇద్దరు కూడా పోరనీ అతని లెక్క. ఆ ఇద్దరిలో తన బిడ్డ ఉండవచ్చునన్న భయం ప్రతి తల్లికీ ఉండి ఉంటుంది. ఐనా పొరుగింటి పిల్లలు బ్రతికి బయటపడడం కళ్ళారా చూసి ధైర్యం తెచ్చుకొన్నారు.

పందొమ్మిదవ శతాబ్దపు ఈజిప్టు మనకు రెండవ పాఠం నేర్పుతుంది. ముహమ్మద్ అలీ పాషా ప్రభుత్వం గోమశూచి టీకాలు ప్రవేశపెట్టినప్పుడు రైతులు బిడ్డలను దాచారు. టీకా మచ్చ రేపు సైన్యంలోకి లాక్కుపోవడానికి వేస్తున్న గుర్తు అని వారి భయం. నిర్బంధంగా సైన్యంలో చేర్చుకొనే ప్రభుత్వమే ఇంటికి వచ్చి చేతికి గాటు పెడతానంటే ఆ భయం కలగడం సహజమే. 1832లో అక్కడ స్త్రీలకు మంత్రసాని విద్యాలయం స్థాపించబడింది. అందులో శిక్షణ పొందిన ‘హకీమాలు’ టీకాలు వేయడం కూడా నేర్చుకొన్నారు. పురుషుడు అడుగుపెట్టలేని జనానాలోకి వారు వెళ్ళగలిగారు. టీకా అదే, ప్రభుత్వమూ అదే. కాని తెచ్చిన మనిషి మారినందువల్ల కొన్ని తలుపులు తెరుచుకొన్నాయి.

మన దేశంలో పోలియో విషయంలో ఇదే చరిత్ర మళ్ళీ జరిగింది. 2002లో దేశంలో సుమారు 1,600 మంది పిల్లలకు పోలియో సోకగా, అందులో అధిక భాగం ఉత్తరప్రదేశ్‌లోనే. చుక్కలు వేయిస్తే సంతానం కలగదన్న వదంతి ముస్లిం మొహల్లాలలో పాకింది. ఆ తర్వాత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ రంగంలోకి దిగాయి. ఇమాములు మస్జిదుల నుండి పిలుపునిచ్చారు. మొహల్లా స్త్రీలే ఇల్లిల్లూ తిరిగారు. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో పోలియో సోకిన పసిపాప దేశంలో చివరి బాధితురాలు. ఆ పాపకు చుక్కలు వేయించలేదు. 2014 మార్చిలో భారతదేశం పోలియో రహితంగా ధృవీకరించబడింది.

వదంతులన్నీ అజ్ఞానం నుండే పుడతాయనడం కూడా న్యాయం కాదు. 2011లో అమెరికా గూఢచారి సంస్థ పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో టీకాల పేరిట బూటకపు కార్యక్రమం నడిపించిన విషయం లోకానికి తెలిసినదే. దాని ఫలితాన్ని ఆ దేశంలోని పసిపిల్లలు, టీకాలు వేసే పేద స్త్రీలు అనుభవించారు. నమ్మకాన్ని వమ్ము చేసినవారి పాపం వారిది. కాని వారి మీది కోపంతో మన బిడ్డను రోగానికి అప్పగించడం ఏ న్యాయం?

సోమాలియాలోని మెర్కా పట్టణపు అలీ మావ్ మాలిన్ చరిత్రతో ముగిస్తాను. 1977లో సహజంగా మశూచి సోకినవారిలో ప్రపంచంలో చివరివాడు అతడే. అతడు ఆసుపత్రిలో వంటవాడు. సూది నొప్పికి భయపడి టీకా తప్పించుకొన్నాడు. అల్లాహ్ దయవల్ల బ్రతికాడు. 1980 మేలో మశూచి నిర్మూలన ప్రకటించబడింది. దరిమిలా అతడు పోలియో కార్యకర్తగా ఊరూరా తిరిగి, సంశయించే తల్లిదండ్రులకు తన కథే చెప్పేవాడు. 2013లో ఆ సేవలో ఉండగానే మలేరియాతో మరణించాడు. తన తప్పును దాచుకోకుండా ఇతరుల బిడ్డలకు రక్షణగా మార్చిన మనిషి అతడు.

బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. తెలియనిది తెలిసినవారిని అడగడం, విన్నదాన్ని విచారించడం, భార్యాభర్తలు సంప్రదించుకొని నిర్ణయించడం, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయడం – తవక్కుల్‌కు ఇదే వరుస. ఒంటెను కట్టివేసిన తర్వాతనే తవక్కుల్ అని మనకు నేర్పబడింది. కట్టకుండా వదిలి, పోయిన తర్వాత విధిని నిందించడం ముస్లిముకు తగదు.